మణికట్టు విరిచింది కానిస్టేబులమ్మ కాదు

మా వీధి చివర మేడ మీది గదిలో ఉండే కానిస్టేబులమ్మ, ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె మణికట్టు విరిచి ఉద్యోగం మీదికి తెచ్చుకుందని వీధి వీధంతా చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. నేను చదివింది ఐదో తరగతే గానీ, చెవులూ కళ్ళూ దేవుడు దండిగానే ఇచ్చాడు. అడిగినవాళ్ళనే మళ్ళీ మళ్ళీ అడిగి, వాళ్ళు విసుక్కున్నా వదలకుండా తెలుసుకున్నది రాస్తున్నాను.

కానిస్టేబులమ్మకు భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లలు, మంచం దిగని అత్తగారు. ఆమె జీతం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే. పొద్దున్నే పళ్ళ మధ్య జడపిన్నులు పెట్టుకుని, ఒక చేత్తో బెల్టు బిగించుకుంటూ మెట్లు దిగుతుంది. ఒకసారి అడిగాను:

"ఆ లాఠీ ఎప్పుడూ చంకలోనే ఉంటుంది, ఎందుకే అది?"

"కుక్కల కోసం పిన్నీ. మనుషులకు నా నోరు చాలు."

ఇక అసలు సంగతి. పక్క వీధి పెద్దమనిషి ఒకాయన ఇస్త్రీకిచ్చిన కోటు జేబులో బంగారు గడియారం మరిచిపోయాడట. కోటు తిరిగొచ్చింది, గడియారం రాలేదు. ఇన్‌స్పెక్టరు ఇద్దరు మగ కానిస్టేబుళ్ళను వెంటేసుకుని ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చాడు. బండి ఆమె భయపడి రెండు చేతులూ జోడించింది. జోడించిన ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని వెనక్కి మెలితిప్పి జీపులోకి తోశారు. ఎముక విరిగింది. కుడిచెయ్యి. ఇస్త్రీ చేసుకుని బతికే మనిషికి కుడిచెయ్యి!

ఆ పూట కానిస్టేబులమ్మ పెద్దాసుపత్రి గేటు దగ్గర డ్యూటీలో ఉంది. నా మోకాలు చూపించుకోవడానికి వెళ్ళి, మందుల వరసలో నిలబడి నేనే ఆమెతో కబుర్లాడాను. మరి ఈ గొడవలోకి కానిస్టేబులమ్మ పేరెలా వచ్చింది?

ఆడమనిషిని పట్టుకోవాలంటే ఆడ పోలీసే పట్టుకోవాలి. ఆ స్టేషనులో ఆడ పోలీసు ఈమె ఒక్కతే. ఈమె వేరేచోట ఉంటే మగవాళ్ళే వెళ్ళి పని కానిచ్చేసి, తర్వాత ఈమె కూడా ఉన్నట్టు చెప్పుకుంటారు. దానికి వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న పేరు 'నీడ డ్యూటీ'. మనిషి రాకపోయినా నీడ వచ్చిందన్నమాట. సిగ్గులేని పనికి ఎంత అందమైన పేరో చూడండి.

బండి ఆమె మొగుడు కోర్టుకెక్కగానే ఇన్‌స్పెక్టరు కానిస్టేబులమ్మను గదిలోకి పిలిచాడు. బయట వరండా ఊడుస్తున్న పనిమనిషి అంతా విని నాకు చెప్పింది.

"అది పెనుగులాడింది. నువ్వు పట్టుకున్నావు, విరిగింది. అంతే. పెనుగులాడితే బలం వాడొచ్చని చట్టంలోనే ఉంది."

"లొంగిపోయాక వాడకూడదనీ ఉంది సార్."

"ఇద్దరు పిల్లల తల్లివి. ఆలోచించుకో."

కోర్టుకు నేనూ వెళ్ళాను, వెళ్ళకుండా ఎలా ఉంటాను. వెనక బల్ల మీద చోటు కోసం ఒకాయన్ని జరిపి కూర్చున్నాను. జడ్జిగారు అడిగితే కానిస్టేబులమ్మ గొంతు వణక్కుండా చెప్పింది: "నేనక్కడ లేనండి. ఆమెను నేను ముట్టుకోలేదు."

వారం తిరక్కుండా విచారణ పేరు చెప్పి ఆమెను డ్యూటీలోంచి తప్పించారు. ఇన్‌స్పెక్టరు కుర్చీ మాత్రం అంగుళం కదల్లేదు. పైగా అతని మనుషులు కాఫీ కొట్టు దగ్గర నిలబడి, చెయ్యి విరిచినందుకే ఆమెను ఇంటికి పంపారని చెప్పి పోయారు. వీధివాళ్ళు గుడ్డిగా నమ్మేశారు. ఆమె పిల్లలు ఆడుకోవడానికి వస్తే తలుపులు వేసుకున్నారు. మా వీధిలో బట్టలు కుట్టే కుట్టుమిషను ఆమె నా ముందే అంది:

"ఎముకలు విరిచేవాళ్ళ పిల్లలతో మా పిల్లను ఆడనివ్వను పెద్దమ్మా."

"ముందు నీ నాలుకకు రెండు కుట్లు వేసుకోవే. మిషను నీ దగ్గరే ఉందిగా."

దాన్ని చెయ్యి పట్టుకుని బండి దగ్గరికే లాక్కెళ్ళాను. మొగుడు ఇస్త్రీ చేస్తుంటే, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బండి ఆమె కూర్చుని ఉంది. "నన్ను పట్టుకున్నది ఉంగరాలున్న మగచెయ్యమ్మా. ఆ తల్లి అక్కడ లేనే లేదు" అంది. కుట్టుమిషను ఆమె తల దించుకుంది గానీ, మర్నాడు తలుపు మాత్రం తెరవలేదు.

అందరి మీదా వచ్చిన కోపం ఒక ఎత్తు, కానిస్టేబులమ్మ మీద వచ్చింది ఒక ఎత్తు. ఇంత జరుగుతుంటే ఒక్క మాట అనదు. ఎదురుపడితే గోడవారగా తప్పుకుని పోతుంది. నేను మోకాలు పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కాను. పిల్లల బడి బూట్లకు పాలిష్ పెడుతోంది. కూర్చోమని చాప వేసింది. కూర్చోలేదు.

"జడ్జి ముందు అంత ధైర్యంగా చెప్పినదానివి, వీధిలో ఎందుకే ఈ మౌనం? నేను చెయ్యలేదు అని ఒక్కసారి గట్టిగా అంటే నీ సొమ్మేం పోయింది?"

బ్రష్షు కింద పెట్టింది. నా మొహంలోకి సూటిగా చూసింది.

"చెయ్యలేదు పిన్నీ. ఈసారి లేనని చెప్పాను. ఇంతకుముందు అడిగినప్పుడల్లా, లేకపోయినా ఉన్నాననే చెప్పాను. అలా పట్టుకొచ్చిన ఆడవాళ్ళ మీద ఎవరి చేతులు పడ్డాయో నేనెప్పుడూ అడగలేదు."