మసక గదిలో పిన్ని ఫొటో

మా బాబాయి ముప్పయ్యేళ్లు ఫొటో స్టూడియో నడిపాడు. ఆయన ముందు స్టూలు మీద కూర్చుని గడ్డం పైకెత్తని మనిషి మా వీధిలో లేడు. అంత గొప్ప ఫొటోగ్రాఫరు ఇంట్లో పిన్ని ఫొటో మాత్రం మచ్చుకైనా దొరకదు. పెళ్లిళ్లలో ఆమె ఎప్పుడూ లైటు పట్టుకుని ఆయన పక్కనే నిలబడేది మరి. ఈ విషయంలో నాకు బాబాయి మీద ఇప్పటికీ కోపమే.

రెండేళ్ల కిందట పిన్నికి కళ్ల జబ్బు చేసింది. కాస్త వెలుతురు పడినా సూదులు గుచ్చినట్టు నొప్పి. కిటికీలకు మందపాటి తెరలు కట్టేశారు. తలుపు సందులోంచి వచ్చే మసక వెలుగు తప్ప ఆ గదిలో ఇంకే వెలుగూ ఉండదు. ఒకరోజు నేను పక్కన కూర్చుంటే మెల్లగా అంది: "నా మొహం నేను చూసుకుని రెండేళ్లయిందే. అద్దంలో ఏదో నీడ కనిపిస్తుంది, అంతే. ఒక్కసారి చూసుకోవాలనుంది."

ఆ మాట బాబాయి చెవిన పడింది. ఆ మసకలోనే పిన్ని ఫొటో తీయాలని ఇక ఆయన నిద్రాహారాలు మానేశాడు.

ఫ్లాష్ మాట ఎత్తడానికి లేదు. కెమెరా వెలుగును పట్టే శక్తిని, అదే ఐఎస్‌ఓని, పెంచితే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. అది తగ్గించి షట్టర్ రెండు సెకన్లు తెరిచి ఉంచితే పిన్ని ముఖం అలుక్కుపోయేది.

"కదలకు" అనేవాడు బాబాయి.

"మీరలా ఊపిరి బిగబట్టి చూస్తుంటే నవ్వు రాదూ?" అనేది పిన్ని.

ఎవరినో బతిమాలి, వెలుగును ఎక్కువగా లోపలికి రానిచ్చే లెన్సు తెచ్చాడు. కెమెరాను స్టాండుకు బిగించాడు. వేలు తగిలి అదరకుండా టైమర్ పెట్టాడు. పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక దిండు ఆనించి, అదే ఫొటో పదహారుసార్లు తీశాడు. కంప్యూటర్లో అన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపితే, ప్రతిసారీ చోటు మారే చుక్కలు పలచబడి ముఖం తేలింది. వెలుగు పెంచి పెద్దగా అచ్చువేస్తే ఆ మసకలోనూ కనబడుతుందని ఆయన నమ్మకం.

కనబడింది కూడా. పిన్ని తలుపు సందు దగ్గర పట్టుకుని చూసి, "బావుంది. ఎవరీవిడ?" అంది.

బాబాయి తెల్లమొహం వేశాడు. పెళ్లికూతుళ్ల ముఖాలు నునుపు చేసీ చేసీ అలవాటైన చెయ్యి. మిగిలిన చుక్కలు తుడుస్తూ ఆ చెయ్యే పిన్ని ముడతల్నీ, గడ్డం మీద చిన్నప్పటి దెబ్బ మచ్చనీ కూడా తుడిచేసింది. నాకు ఒళ్లు మండి నాలుగు మాటలు అనేశాను. ఆయన మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తుడవకముందున్న ఫొటోనే అచ్చువేసి మర్నాడు తెచ్చాడు.

ఈసారి పిన్ని చాలాసేపు చూసింది. మచ్చ మీద వేలితో రాసింది.

"ముసలిదాన్నయిపోయాను కదండీ" అంది.

బాబాయి లేచి కిటికీ తెర సర్దాడు.

"మీదీ ఒకటి తీయించుకోండి. మిమ్మల్ని చూసి కూడా రెండేళ్లయింది."

బాబాయి వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో ఆయనకే తెలియలేదు. బటన్ నేనే నొక్కాను. పదహారింటిలో ఒక్కటీ కుదరలేదు. ఏడుస్తున్న మనిషిని కదలొద్దని ఎలా చెప్పేది?