ఆకుపచ్చ అంచు పోస్టరు

మా అత్తగారు విజిటర్ వీసా మీద అమెరికాలో మా ఊరు హారిసన్ వచ్చిన మొదటి వారంలోనే వీధి మొత్తానికీ జనాభా లెక్కలు తీయడం మొదలుపెట్టారు. ఏ ఇంట్లో ఎందరుంటారు, ఏ దేవుడికి దణ్ణం పెడతారు, ఇవి తెలియకపోతే ఆవిడకి అన్నం సహించదు. పక్కింటి పెద్దావిడది బల్గేరియా అని చెబితే, "అది సరేనే, వాళ్ళేమిట్లు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇక్కడ అలా అడగకూడదు అత్తయ్యా."

"నువ్వడగవు, నన్నడగనివ్వవు. ఇరుగూపొరుగూ ఎట్టా తెలుస్తారే మరి?"

ఆ శనివారం పొద్దున పక్కింటి లెటర్‌బాక్స్ మీద ఒక పోస్టరు వెలిసింది. టోపీ పెట్టుకుని నవ్వుతున్న పెద్దాయన ఫొటో, చుట్టూ ఆకుపచ్చ అంచు, కింద ఇంగ్లీషు కాని అక్షరాలు. మేం మా ఇంట్లోకి కొత్తగా మారాం కాబట్టి ఆయన్నెప్పుడూ చూడలేదు.

"పుట్టినరోజు," తేల్చేశారు అత్తగారు. "మన సెంటర్లో ఫ్లెక్సీలు చూళ్ళా? ఇదీ అంతే."

"పోయినాయనేమో అత్తయ్యా."

"అయితే ఫొటోకి దండేదీ? బొట్టేదీ?"

ఆ తర్కం ముందు నా ఎమ్మెస్సీ ఎందుకూ పనికి రాలేదు. జీడిపప్పు దండిగా వేసి రవ్వకేసరి చేసి, ఇద్దరం వెళ్ళాం. పక్కింటావిడ ఎదురు రాగానే నేను పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, "అంకుల్‌కి హ్యాపీ బర్త్‌డే!" అన్నాను. అత్తగారు చప్పట్లు కూడా కొట్టారు.

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆయన పోయి ఇవాళ్టికి ఏడాది," అంది.

భూమి చీలితే బావుండుననిపించింది. "ఏవంటందే?" అని అత్తగారు నా మోచేయి పొడుస్తున్నారు. చెప్పాను. చప్పట్లు కొట్టిన చేతులు అలాగే దణ్ణంగా మారిపోయాయి. పక్కింటావిడ ఫక్కున నవ్వి, లోపలికి రమ్మంది.

బల్గేరియాలో ఆవిడది కొన్ని పల్లెలు కలిసిన చిన్న మునిసిపాలిటీ. ఒక ఊళ్ళో మసీదు, పక్క ఊళ్ళో చర్చి, వీళ్ళ ఊళ్ళో రెండూ ఉన్నాయట. పోయినవాళ్ళ పోస్టర్లు, పోయినప్పుడూ మళ్ళీ ఏడాదికీ, గేట్లకీ కరెంటు స్తంభాలకీ అంటిస్తారు. క్రైస్తవులకి నల్ల అంచు, ముస్లింలకి ఆకుపచ్చ. ఆయన ముస్లిం, ఈవిడ చర్చికి వెళ్ళే మనిషి.

అడక్కుండానే ఏమిట్లో తెలిసిపోయేసరికి అత్తగారి ముఖం వెలిగింది. "వాళ్ళ ఊళ్ళో ఏ మతం వాళ్ళెక్కువో అడుగమ్మాయ్." సిగ్గు చంపుకుని అడిగాను.

"నా చిన్నప్పుడు సగం సగం. ఇప్పుడు ఆ వారం ఎవరు పోయారన్నదాన్ని బట్టి మారుతుంది," అంది ఆవిడ. కుర్రాళ్ళంతా జర్మనీ వెళ్ళిపోయారట. బస్టాపులో బస్సు కోసం నిలబడేవాళ్ళ కంటే గోడ మీద పోస్టర్లలో ఉన్నవాళ్ళే ఎక్కువట.

బల్ల మీద ఒక గిన్నెలో పంచదార కలిపిన ఉడికించిన గోధుమలు, ఇంకోదాంట్లో హల్వా ఉన్నాయి. "గోధుమలు మా వైపు పద్ధతి, హల్వా ఆయన వైపుది. ఏది చేరుతుందో తెలియదు, అందుకని రెండూ చేశాను." అక్కడైతే పోస్టరు చదివినవాళ్ళు లోపలికొచ్చి, పోయినాయన పేరు మీద ఒక ముద్ద తిని వెళతారు. ఎవరూ తినకపోతే ఆయనకి అందదని ఆవిడ బాధ. పొద్దుట్నుంచీ కుక్కల్ని తిప్పేవాళ్ళు ఎందరో అటుగా వెళ్ళారు. ఒకాయన మాత్రం ఆగి, తప్పిపోయిన మనిషనుకుని, ఫోను నంబరు కోసం వెతికి వెళ్ళిపోయాడట.

అత్తగారు ఇక ఏమీ అడగలేదు. రెండు గిన్నెల్లోంచీ పెట్టించుకుని తిన్నారు, మళ్ళీ పెట్టించుకున్నారు. ఆవిడకి షుగరు. నేను కళ్ళతో వారించినా లెక్కచెయ్యలేదు.

"తిననీవే. నేను తినకపోతే ఎవరొచ్చి తింటారు ఈవిడ మొగుడికి?"

హాల్లో చలి కోసేస్తోంది. చూస్తే వీధి తలుపు బార్లా తీసి ఉంది. వేసి రానా అని అడిగాను.

"పొద్దుట్నుంచీ తీసే ఉంచాను," అంటూ ఆవిడే లేచి వెళ్ళింది. "ఇక వెయ్యొచ్చు. జనం వచ్చారుగా."