తలకంటే ఎత్తు స్విచ్చులున్న ఇల్లు

మా ఆయన రిటైరయ్యాక చేతికొచ్చిన సొమ్ముతో భద్రాచలంలో ఒక ఇల్లు కొని కిరాయికి ఇద్దామనుకున్నాం. మాకున్నది ఆ ఒక్క మూటే. నెలనెలా కిరాయి వస్తుందన్నది ఆయన లెక్క. ఆ వంకన రాములవారి దర్శనం దొరుకుతుందన్నది నా ఆశ. మాది ఎర్రుపాలెం దగ్గర ఊరు. గోదావరి అంటే మాకు మునిగి లేచి, సీసాలో పట్టి తెచ్చుకునే నీళ్లే. ఆ తల్లి మన గడప దాకా వస్తుందన్న ఊహ కూడా లేదు.

నవమికి ముందు, మంచి ఎండలో బ్రోకర్ ఒక ఇల్లు చూపించాడు. గోడలకు కొత్త రంగు మెరుస్తోంది.

"నవమి దాటితే రేటు అందదు సార్. జల్దీ తేల్చుకోండ్రి."

మా ఆయన అప్పటికే గేటు మీద పేరు ఎక్కడ రాయించాలా అని చూస్తున్నారు.

లోపల కిరాయికి ఉంటున్న ఆమె మాకు ఫ్యాను వేయడానికి స్టూలెక్కింది. ఆ ఇంట్లో స్విచ్చులన్నీ తలకంటే ఎత్తునే ఉన్నాయి. టీవీ ఇంకా పైన, దేవుడి పటాల సరసన. బియ్యం బస్తాలు అటక మీద.

"చూశావా, పిల్లల చేతికి కరెంటు అందకుండా ఎంత ముందుచూపో!" అని మా ఆయన మురిసిపోయారు.

"పిల్లలు ఎంతెంత వాళ్లమ్మా?" అని ఆమెను అడిగాను.

"పెద్దోడు డిగ్రీ, చిన్నది ఇంటర్," అంటూ బ్రోకర్ వైపు చూసి నవ్వు మింగేసింది.

ఆ మింగిన నవ్వు బస్సులో ఇంటిదాకా నాతోనే వచ్చింది.

"శ్రావణం దాకా ఆగుదామండీ," అన్నాను.

"ఏం, ముహూర్తమా?"

"కాదు. గోదారమ్మ ఒకసారి ఆ ఇల్లు చూసి పోనివ్వండి. తర్వాత మనం చూద్దాం."

"అవ్ మరి, ఇంట్లో కూచొనే లోకమంతా చదివినదానివి. రియల్ ఎస్టేట్ సంగతి నీకు కాక ఎవరికి తెలుస్తుంది!"

అప్పటినుంచి బ్రోకర్ ఫోన్ చేసినప్పుడల్లా నాకు వినపడేలా స్పీకర్ పెట్టేవారు. నేను దీపం వెలిగిస్తూ, "స్వామీ, ఇస్తావో ఇవ్వవో నీ ఇష్టం. ముందు చూపించు," అనుకునేదాన్ని.

చూపించాడు. భద్రాచలం మునిగిందని వార్తలు వచ్చిన రోజు మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక వెళ్లి చూశాం. కొత్త రంగు మీద బురద గీత. మా ఆయన దాని పక్కన నిలబడి చూసుకున్నారు. ఛాతీ దాకా వచ్చింది. స్విచ్చులకు మాత్రం అందలేదు.

"పిల్లల కోసం కాదన్నమాట," అన్నారు నెమ్మదిగా.

బురద ఊడుస్తున్న ఆమె ఈసారి నవ్వు మింగలేదు. "ఆ రోజే చెప్దామనుకున్న సార్. బ్రోకర్ ముందట ఎట్ల చెప్త?"

"మరి నువ్వెందుకు ఉంటున్నావమ్మా ఇక్కడ?" అన్నాను.

"ఏటా రావమ్మా నీళ్లు. వచ్చినా చుట్టం లెక్క నాలుగు దినాలుండి పోతయి. తక్కిన దినాలు పొద్దుగాల గుడి పాట ఇనుకుంట లేస్త. మీరు కొంటే మాత్రం పైన ఒక గది ఎయ్యిండ్రి. వరదొస్తే క్యాంపుకు మూటలు మోయలేక నడుము పడిపోతంది."

దాచడానికి ఇంక ఏమీ మిగలని ఇల్లు నాకు నచ్చింది. బ్రోకర్ గొంతు కూడా దిగింది. బురద ఆరకముందే బేరం కుదిరింది. ధర తగ్గి మిగిలిన డబ్బు పైగదికి పనికొచ్చింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక గుడివైపు ఒకటి, ఏటివైపు ఒకటి పెట్టాను.

పైగదిలో స్విచ్చులు ఎక్కడ పెట్టమంటారని ఎలక్ట్రీషియన్ అడిగాడు. మా ఆయన చెయ్యి తల పైకి లేచింది.

మెట్ల మీద నుంచి కిరాయికుంటున్న ఆమె కేక వేసింది: "ఏంది సార్, ఈడ కూడ నన్ను స్టూలెక్కిస్తరా?"