ఛార్జింగు మిషన్లకు పందిరి

నందికొట్కూరు దాటి ఆత్మకూరు వైపు నాలుగు కిలోమీటర్లు పోతే ఎడమ పక్కన కరెంటు కార్లకు ఛార్జింగు పెట్టే స్టాపు ఒకటి ఉంది. రెండు మిషన్లు, ఒక నీళ్ల డ్రమ్ము, ఒక మరుగుదొడ్డి, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. వీటన్నిటినీ చూసుకునే మనిషి సంతోషమ్మ. వయసు నలభై ఏడు. అంతకుముందు పద్నాలుగేళ్లు బడిలో మధ్యాహ్న భోజనం వండింది. ఛార్జింగు కంపెనీవాళ్లు ఊళ్లో మనిషి కావాలని అడిగినప్పుడు, మరుగుదొడ్డి కడగాలని తెలిసి మిగతావాళ్లు వెనక్కి తగ్గారు. ఆమె తగ్గలేదు.

ఏ కారుకు ఛార్జింగు మూత ఎక్కడుంటుందో, కారు రోడ్డు మీంచి తిరుగుతుండగానే చెప్పగలదు. ఫోను కలవక తిట్టుకునేవాళ్లను గోడ చివరికి తీసుకుపోయి సిగ్నల్ వచ్చే చోట నిలబెడుతుంది. ముందు నల్లమల అడవి. బ్యాటరీ సగం కూడా నిండకుండా బయల్దేరేవాళ్లను ఆపి మరీ కుర్చీలో కూర్చోబెడుతుంది.

పోయిన వేసవిలో ఆమె ఒకటి గమనించింది. పొద్దున ముప్పావు గంటలో అయ్యే ఛార్జింగు మిట్టమధ్యాహ్నం గంటన్నర పడుతోంది. మిషన్ తెర మీద పొద్దున నలభై ఎనిమిది కిలోవాట్లు ఉండేది, మధ్యాహ్నానికి ఇరవై ఆరు. ఎండకు అంతేనన్నారు అందరూ. ఆమె ఇంటి నుంచి గొడుగు తెచ్చి మిషన్‌కు నీడ పట్టి నిలబడింది. ఇరవై నిమిషాలకు అంకె ముప్పై మూడుకు ఎక్కింది.

అప్పుడే అన్నం క్యారియరుతో వచ్చిన ఆమె భర్త గాబ్రియేలు చూసి నోరు తెరిచాడు.

"ఏమ్మే, మిషన్‌కు గొడుగు పడతాండావా? పెండ్లై ఇరవై ఐదేండ్లాయె, నాకెప్పుడన్నా పట్టినావా?"

"నువ్వు కరెంటిస్తావా?" అంది ఆమె.

ఈ ఏడు ఎండలు ముదరకముందే ఇద్దరూ కలిసి మిషన్ల మీద పందిరి వేశారు. ఊరి చర్చి సంఘంవాళ్లు ఏటా ప్రార్థన కూటాలకు వేసే పందిరే అది. వేప గుంజలు, అడ్డంగా బొంగులు, పైన మందంగా ఎండిన జొన్న సొప్ప. మే నెలలో కూడా తెర మీద అంకె నలభై ఎనిమిది నుంచి కదల్లేదు. సంతోషమ్మ ఎవరికీ చెప్పుకోలేదు గాని, వచ్చిన ప్రతి కారుకూ ఆ అంకె వేలు పెట్టి చూపించేది.

అదే నెలలో కంపెనీ నుంచి కబురు వచ్చింది. స్టాపులన్నిటికీ మార్కులు వేస్తారు. నూటికి డెబ్బై రాకపోతే మిషన్లు విప్పి కర్నూలు దగ్గర ఒక హోటలు ఆవరణలో పెడతారు.

మార్కులు వేయడానికి శ్రీవాసవి అనే అమ్మాయి మధ్యాహ్నం పన్నెండున్నరకు తన తెల్ల కారులో వచ్చింది. బ్యాటరీలో ఇరవై శాతం ఉంది. ఛార్జింగు పెట్టించి, ట్యాబు పట్టుకుని మరుగుదొడ్డిలోకి వెళ్లింది. కుళాయి తిప్పింది. బోర్డు ఎంత దూరం నుంచి కనబడుతుందో రోడ్డు మీదికి నడిచి చూసింది. సంతోషమ్మ వెనకాలే తిరిగింది.

"శానా బాగుందక్కా. ఈ వారం చూసిన తొమ్మిదింటిలో ఇంత వేగం యాడా లేదు. అన్నీ కలిపి డెబ్బై ఎనిమిది," అంది శ్రీవాసవి. తర్వాత తల ఎత్తి పైకి చూసింది. ఆమె ముఖం మారింది. "ఇది సొప్ప కదా?"

"జొన్న సొప్ప. మా సేన్లోదే, మేడం."

"మిషన్ పైన మండే కప్పు ఉందా అని ప్రశ్న ఉంది. ఉంటే పదిహేను పోతాయి."

సంతోషమ్మకు లెక్క అందడానికి ఒక్క క్షణం పట్టింది. అరవై మూడు.

"ఇప్పుడే పీకేస్తాను."

"పీకితే ఎండ పడుతుంది. వేగం ఒక్కసారి నలభై కిలోవాట్ల కంటే తగ్గినా దానికిచ్చిన పది పోతాయి. అప్పుడు అరవై ఎనిమిది."

"అంటే సొప్ప ఉండగూడదు, నీడ ఉండల్ల."

"నేననేది కాదక్కా, ఫారం అట్లుంది." శ్రీవాసవి కారు వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఎనభై శాతం అయినాక ఫారం పంపుతా. అప్పటికి నా కండ్ల ముందర ఏముంటే అది రాస్తా."

తెర మీద ముప్పై ఒక్క శాతం. సంతోషమ్మ గోడ చివరికి పరుగెత్తి సంఘం పెద్ద యేసుప్రసాద్‌కు ఫోను చేసింది.

"అన్నా, గుడి ఎనకాల వంట షెడ్డు రేకులు ఉండాయి గదా? ట్రాక్టర్‌కు ఏసుకోని రా. బొంగులు, తీగ గూడ. పందిరేసే వాళ్లందర్నీ పిల్చుకోని రా."

"ఎవరన్నా పోయినారామ్మే?"

"ఎవరూ పోలే! నా మిషన్లు పోతాండాయి!"

పది నిమిషాలకు ట్రాక్టర్ వచ్చింది. పదమూడు మంది దిగారు. చేన్లలో పని లేని రోజులు, పిలవగానే లేచి వచ్చారు. ఏటా కూటాలకు ఒక్క పూటలో పందిరి లేపే చేతులు అవి. ఎవరు గుంజ దగ్గర నిలబడాలో, ఎవరు పైకెక్కాలో, ఎవరు తీగ అందించాలో అడగాల్సిన పని లేదు.

"మిషన్లకు, కారుకు మూడడుగుల లోపల ఎవరూ రాకూడదు!" అని శ్రీవాసవి అరిచింది.

పైకెక్కిన మొదటివాడు ఉత్సాహంగా రెండు చేతులా సొప్ప లాగాడు. మిషన్ మీద ఎండ పడింది. కారు మీద పిడికెడు దుమ్ము రాలింది. తెర మీద నలభై ఎనిమిది నలభై ఐదైంది.

"ఆగప్పా! ముందు రేకు, అయినాక సొప్ప!" సంతోషమ్మ కేక రోడ్డు అవతలికి వినిపించింది. "పందిరి మీద పందిరి ఎయ్యల్ల!"

"అట్లయితే సొప్పకు ఆనిచ్చి పరిచేస్తాం," అన్నాడు యేసుప్రసాద్.

"వద్దన్నా. రెండు మూరలు ఎత్తు లేపు. రేకుల ఇంట్లో ఇరవై ఏండ్లు కాపురం చేసినా. రేకు దగ్గరగా ఉంటే కింద పెనమే. గాలి ఆడల్ల."

గుంజలకు బొంగులు కట్టి ఎత్తు పెంచారు. ఒక్కో రేకూ చేతుల మీద ఎక్కుతూ పోయింది. ఆడవాళ్లు తీగను మూరల లెక్కన తుంచి అందించారు. మూల బొంగు ఊగుతుంటే గాబ్రియేలు దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని ఎండలో అలాగే నిలబడిపోయాడు. సొప్పలో పడ్డ కంతలోంచి ఎండ ఇంకా మిషన్ మీదే పడుతోంది. అరవై శాతం. నలభై నాలుగు కిలోవాట్లు. ఆరో రేకు. అరవై తొమ్మిది శాతం. నలభై రెండు. శ్రీవాసవి ట్యాబు చంకలో పెట్టి తెర ముందే నిలబడింది. ఆమె ప్రతి అంకెనూ పైకి చదువుతోంది, తను చదువుతున్నట్టు ఆమెకే తెలియదు.

"నలభై ఒకటి!"

"ఆఖరు రేకు!" అన్నాడు పైనుంచి యేసుప్రసాద్.

అది పడగానే కింది నుంచి సొప్పను కట్టలు కట్టలుగా పక్కకు లాగి ట్రాక్టర్‌లోకి ఎత్తారు. రేకుల కింద ఖాళీ అయింది. చేన్ల మీంచి గాలి అడ్డం లేకుండా వీచింది. నలభై ఒకటి అలాగే ఉంది. నలభై రెండు. కాసేపటికి నలభై ఐదు. పదమూడు మందీ ఒక్కసారి అరిచారు. రోడ్డు మీద పోయే లారీ వేగం తగ్గించి మరీ చూసింది.

ఎనభై శాతానికి మిషన్ కూత పెట్టింది. శ్రీవాసవి రేకులకు కట్టిన తీగలన్నీ చేత్తో లాగి చూసింది, నేల మీద సొప్ప పుల్లలు ఊడ్పించింది, అప్పుడు ట్యాబు తీసింది. మండే కప్పు లేదు. అతి తక్కువ వేగం నలభై ఒకటి.

"డెబ్బై ఎనిమిది," అని చదివి, ట్యాబును సంతోషమ్మకు తిప్పి చూపించింది. "పంపుతాండా."

"పంపు తల్లీ, పంపు!" అంది సంతోషమ్మ. మేడం అనడం మరిచిపోయింది.

శ్రీవాసవి కారు మలుపు తిరగకముందే కర్నూలు వైపు నుంచి ఇంకో కారు లోపలికి వచ్చింది. సంతోషమ్మ దాని మూత వైపు నడిచి, ఛార్జింగు తీగ తగిలించి, తెర చూసింది. నలభై ఎనిమిది. అప్పుడు గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. గాబ్రియేలు ఇంకా మూల బొంగును వదల్లేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఇంక ఇడుసప్పా, కట్టినారు గదా!"

"ఎవరూ చెప్పలే," అన్నాడు.

ఆమె గోడకు ఆనించిన గొడుగు తీసుకుని, విప్పుతూ, అతని దగ్గరికి పోయింది.