కల్లు మానిన చేతికి వచ్చిన వణుకు

ఆ రోజు నా కుర్చీలో కూర్చున్నది రిటైరైన లెక్కల సారు. పాలకుర్తిలో కటింగ్ షాపు తెరిచిన నాటి నుంచీ ఆయన గడ్డం నేనే చేస్తున్నాను. నురగ రాసి, కుడి చెంప పూర్తి చేసి, చెవి కిందికి వచ్చాను. కత్తి నా చేతిలోనే ఉంది కానీ చెయ్యి నా మాట వినడం లేదు. సన్నగా తెగింది. పటిక అద్దుతుంటే సారు అద్దంలో నా వేళ్ళనే చూస్తున్నాడు.

"ఏందిర, చేతులు గట్ల వణుకుతున్నయ్?"

"కల్లు బందు పెట్టిన సార్. గందుకే కావచ్చు."

ఆ మాట ముందు అన్నది నేనే. తర్వాత ఊరంతా అన్నది.

మా దిక్కు కల్లు అలవాటున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం అందరం చూసిందే. అంతకు నెల ముందు చిల్పూర్ గుట్ట మీద, వెంకటేశ్వర స్వామి ముందర, ఆరేళ్ళ నా బిడ్డ అమూల్య తల మీద చెయ్యి పెట్టి ఇక కల్లు ముట్టనని ఒట్టేశాను. నా భార్య సరిత అడిగి వేయించుకున్న ఒట్టు అది. అందుకే వణుకు వస్తే భయపడలేదు సరికదా, లోపల కొంచెం గర్వపడ్డాను. ఒట్టు నిలబెట్టుకున్నందుకు ఇదే రుజువు అనుకున్నాను. అంత తెలివి నాది.

రెండు నెలలు గడిచినా వణుకు పోలేదు. గుండె దడ తోడైంది. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారేవి. ముగ్గురి అన్నం ఒక్కణ్ణే తినేవాణ్ణి, బెల్టుకు మాత్రం మేకుతో కొత్త చిల్లులు పొడుచుకునేవాణ్ణి. కళ్ళు ఎర్రబడి ముందుకు పొడుచుకొచ్చాయి. కోపమైతే ముక్కు మీదే. ఒకసారి అమూల్య నీళ్ళ గ్లాసు ఒలకబోస్తే ఎంత గట్టిగా అరిచానంటే, పిల్ల పోయి బియ్యం బస్తా వెనక కూర్చుంది.

సాయంత్రం ఇంటికి రాగానే సరిత మంచినీళ్ళు ఇచ్చే నెపంతో దగ్గరికి వచ్చి నా నోరు వాసన చూసేది. ఏ వాసనా ఉండేది కాదు. అయినా ఎర్ర కళ్ళు, కోపం చూసి చాటుగా తాగుతున్నాననే అనుకుంది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేను ఇంట్లో కూర్చుని నీళ్ళు తాగినా అదే అన్నారు.

అంతలో అమూల్యకు జ్వరం వచ్చింది. నాకైతే మామూలు జ్వరమే. సరితకు కాదు.

"పొల్ల తల మీద ఒట్టేసి తప్పినవ్. దానికేమన్నైతే నేను బతుకుతనా?"

"నేను తాగలే, సరితా."

"నీ కండ్లు చూసుకో. నీకు అద్దాలకు కొదవా?"

జ్వరం తగ్గగానే పిల్లను తీసుకుని తల్లిగారింటికి, గార్లకు వెళ్ళిపోయింది. అక్కడే బడిలో వేసింది.

గిరాకీ కూడా పోయింది. వణికే చేతి కింద గొంతు పెట్టడానికి ఎవరొస్తారు? వాళ్ళను తప్పు పట్టలేను. వెనక జుట్టు కనబడాలని ఎదురెదురుగా అద్దాలు పెట్టించింది నేనే. ఇప్పుడు వాటిలో ఎటు చూసినా నేనే, పదిమందిని. గార్లకు ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తి "పిల్ల పండుకున్నది" అనేది, మధ్యాహ్నమైనా సరే. మంగళవారం మాకు షాపు సెలవు. ఒకప్పుడు ఆ రోజు కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆ నెలల్లో మంగళవారం వస్తుందంటేనే గుబులు. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడే అవసరం ఉండేది కాదు. ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అలాంటి ఒక మంగళవారం, "ఒక్క సీసా తాగు, చేతులు ఆగుతయ్" అని నలుగురూ చెబుతూ వస్తున్న మాట విన్నాను. తాగాను. చేతులు ఆగలేదు. గుండె ఇంకా దడదడలాడింది. ఒట్టు మాత్రం పోయింది.

మరునాడు జనగామ వెళ్ళాను. కల్లు మానినవాళ్ళ వణుకుకు గోళీలు అడుగుదామని వెళ్ళాను. డాక్టర్ నా రెండు చేతులూ ముందుకు చాపించి, వేళ్ళ మీద ఒక తెల్ల కాగితం పెట్టాడు. కాగితం టపటపలాడింది.

"ఎన్ని రోజుల సంది?"

"నాలుగు నెలల సంది సార్. కల్లు బందు పెట్టినంక."

"కల్లు మానిన వణుకు గిన్ని నెలలు ఉండదు. జర నీళ్ళు మింగు."

మింగాను. ఆయన వేళ్ళు నా గొంతు మీద ఉన్నాయి. తర్వాత అక్కడి అద్దం ముందు నిలబెట్టి మళ్ళీ మింగమన్నాడు. గొంతు కింద ఒక వాపు పైకి లేచి మళ్ళీ కిందికి దిగింది. ఎన్ని వేల గొంతుల మీద కత్తి నడిపానో. ఆ చర్మం కింద ఒక గ్రంథి ఉంటుందని ఎన్నడూ తెలియదు. నా గొంతు వాపు నాకే కనబడలేదు.

రక్తం ఇచ్చాను. రెండో రోజు రిపోర్టు వచ్చింది. టీ3, టీ4 బాగా ఎక్కువ. టీఎస్‌హెచ్ దాదాపు లేదు.

"గిది థైరాయిడ్. సీతాకోకచిలుక లెక్క గొంతు ముందర ఉంటది," అన్నాడు డాక్టర్. "ఒంట్ల ఏ పని ఎంత జోరుగ నడవాల్నో దీని హార్మోన్లే, గీ టీ3, టీ4లే చెప్తయ్. మెదడు కింద పిట్యూటరీ ఉంటది. అది టీఎస్‌హెచ్ పంపితే గిది పనిచేస్తది. నీది ఎవలు చెప్పకున్నా ఉరుకుతనే ఉన్నది. గందుకే పైన టీఎస్‌హెచ్ పంపుడు బందైంది. హైపర్‌థైరాయిడిజం అంటరు. కొందరికి ఉల్టా, తక్కువ పనిచేస్తది. వాళ్ళు బరువు పెరుగుతరు, మబ్బుగ ఉంటరు, చలికి ఆగరు. నీ వణుకుకు కల్లుతోని సంబంధం లేదు."

ఆ చివరి మాట కోసం నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నాను. బస్టాండుకు వచ్చి గార్లకు ఫోన్ చేశాను. ఆ రోజు సరితే ఎత్తింది. అంతా చెప్పాను. తర్వాత మెల్లగా అడిగింది.

"అయితే నువ్వు తాగనే లేదా?"

రిపోర్టు నా చేతిలో ఉంది. లేదు అంటే సరిపోయేది. సాయంత్రం రైలుకే వచ్చేదేమో.

"ఒక్కసారి తాగిన. మొన్న."

ఫోన్ పెట్టేసింది.

మరో పరీక్షలో గ్రేవ్స్ డిసీజ్, అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే థైరాయిడ్‌ను ఉరికించే రోగం, అని తేలింది. కార్బిమజోల్, ప్రొప్రనలాల్ రాశారు. జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే కార్బిమజోల్ ఆపి, అదే రోజు వచ్చి సీబీసీ రక్తపరీక్ష చేయించుకోవాలని రెండుసార్లు చెప్పారు. పది రోజులకే చేతులు కుదురుకున్నాయి. రోగం పోయిందనుకుని గోళీలన్నీ మానేశాను. నెల తిరగకముందే మళ్ళీ దడ, మళ్ళీ వణుకు.

"వణుకు ఆపేది ఒక గోళీ, రోగాన్ని పట్టేది ఇంకో గోళీ," డాక్టర్ కోప్పడ్డాడు. "రెండు నువ్వే ఆపితే ఇగ నేనెందుకు?"

ఆ తర్వాత ఒక్క పూట తప్పలేదు. ఏడాది దాటింది. టీఎస్‌హెచ్ దారికొచ్చింది, డోసు తగ్గించారు. కళ్ళు ఇంకా కొంచెం ముందుకే ఉన్నాయి. లెక్కల సారు మళ్ళీ వచ్చి కూర్చుని గడ్డం పైకెత్తాడు. ఆ పూట నాకు కడుపు నిండింది.

ఇప్పుడు మంగళవారాలు జనగామలో రైలెక్కి, కాజీపేటలో మారి గార్ల పోతున్నాను. అమూల్య తన తల నాతోనే దువ్వించుకుంటుంది. మొన్న దువ్వుతూ, మళ్ళీ ఒట్టు వేస్తానని సరితతో అన్నాను.

"ఒట్టు వద్దు. పిల్ల తల నడుమల పెట్టకు," అన్నది. "తాగితే తాగిన అని చెప్పు. అప్పుడు ఫోన్ల చెప్పినట్టు."

ఇంటికి ఎప్పుడు వస్తారని అడిగితే "చూద్దాం" అంటుంది. పాలకుర్తిలో ఇంకా ఒక్కడికే వండుకుంటున్నాను.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో మనిషికి చేతులు వణుకుతూ, తింటున్నా చిక్కిపోతుంటే, టీఎస్‌హెచ్ పరీక్షకు ఒంటరిగా పంపకండి, మీరూ వెంట వెళ్ళండి. డాక్టర్ పక్కన ఇంకో స్టూలు ఉంటుంది. ఆ రోజు సరిత దాని మీద కూర్చుని ఉంటే, వణుకుకు కల్లుతో సంబంధం లేదన్న మాట డాక్టర్ నోటనే వినేది. అదే మాట నేను చెబితే సగమే నమ్మింది. ఆ సగం కూడా, తాగానని ఒప్పుకున్నందుకే.