లైను తెగితే ఎంతసేపు ఆగాలి

మొన్న ఇస్నాపూర్‌లో చాయ్ తాగి ఫోనుతో పైసలు కడుతుంటే తెర మీద చక్రం తిరగడం మొదలైంది; తిరిగినంతసేపూ దుకాణదారు నా ముఖాన్నీ నా చెప్పుల్నీ మార్చి మార్చి చూశాడు, పారిపోయే మనిషి ముందు చెప్పులు సర్దుకుంటాడని ఆయన అనుభవం కాబోలు. పైసలు చేరాక కూడా ఆ అనుమానం పూర్తిగా తీరినట్టు లేదు. మన ఈడు వాళ్ళకు ఇది కొత్తేం కాదు. యంత్రం ఆగితే పక్కనున్న మనిషిని అనుమానించే పద్ధతిని నేను పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేసిన తొలిరోజుల్లోనే దగ్గర్నుంచి చూశాను.

అక్కడి కంప్యూటర్ సెక్షన్‌లో నా ఉద్యోగం. సరుకుతో బయటికి వెళ్ళే ప్రతి లారీకీ గేట్ పాస్ కావాలి, ఆ పాసు పుట్టేది మాత్రం మా దగ్గర కాదు, నగరంలోని హెడ్డాఫీసులో ఉన్న పెద్ద కంప్యూటర్, మెయిన్‌ఫ్రేమ్‌లో. అక్కడి నుంచి మా దాకా ఒక లైను రోడ్డు పక్క మట్టిలో పడుకుని వచ్చేది. ఆ రోడ్డును తవ్వని శాఖ లేదు గనుక తరచూ తెగేది. తెగితే మెయిన్‌ఫ్రేమ్ ఇంకో దారి వెతికేది. మేం చెప్పిపెట్టిన గడువులోగా దారి దొరికితే ఆగిన చోటు నుంచే పని సాగేది, దొరక్కపోతే కనెక్షన్లన్నీ వదిలేసేది, సగం కొట్టిన పాసులు మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి. ఏ పనికి ఎంత గడువో విడివిడిగా పెట్టుకోవచ్చు. గేట్ పాసులు తొందర పని గనుక మా సెక్షన్ సారు ఆ యంత్రంతో వచ్చిన పుస్తకం చూసి వాటికి అన్నిటికంటే తక్కువ గడువు పెట్టించారు. ఆయన పుస్తకాన్ని తప్ప దేన్నీ నమ్మేవారు కాదు; దాన్ని కూడా రెండోసారి చదివాకే.

చిక్కల్లా ఏమిటంటే, పొద్దుటి పూట లైను తెగితే రెండో దారి దొరికేది, మధ్యాహ్నం తెగితే దొరికేది కాదు. మధ్యాహ్నం షిఫ్టు ఆపరేటరు మా బావ, పెద్దక్క భర్త. కాంట్రాక్టు మీద ఉన్నాడు, పర్మనెంటు చేసే కాగితం సారు సంతకం కోసం ఎదురుచూస్తోంది. కావాలనే రెండో దారి కలపకుండా బావ కునుకు తీస్తున్నాడని సారు అనుమానం. సంతకం మాట అటుంచి, అసలు ఉద్యోగమే ఊడుతుందేమోనని అక్క భయం. నాకూ కొంచెం అనుమానమే. బావ కునుకు సంగతి పెళ్ళిపీటల దగ్గర్నుంచీ ఎరుగుదును.

చివరికి బావను కనిపెట్టి ఉండమని సారు నన్నే పంపారు. మా చుట్టరికం మీద ఆయనకున్న అంచనా అప్పుడు తెలిసింది.

రెండో దారి అంటే కార్మికుల హాజరు వేసే టైమ్ ఆఫీసులోని టెలిఫోను లైనే; అవసరపడితే దాన్ని ఫోను నుంచి తీసి మా మోడెమ్‌కు కలపాలి. ఆ మధ్యాహ్నం లైను తెగగానే బావ లేచి (మెలకువగానే ఉన్నాడు, అది రాయడం న్యాయం) టైమ్ ఆఫీసుకు నడిచాడు. అక్కడ గుమ్మడిదల కార్మికుడొకడు ఫోనులో ఉన్నాడు. షిఫ్టు మారే వేళకు ఊళ్ళలో ఇంటివాళ్ళు ఎస్టీడీ బూతుకొచ్చి ఫోను చెయ్యడం, వీళ్ళు ఉరికొచ్చి మాట్లాడడం అక్కడి ఆనవాయితీ. బావ వైరు చేత పట్టుకుని, పెళ్ళిలో రెండో బంతి కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

“కలుపు బావా, టైమ్ అయిపోతది.”

“జెర ఆగు బామ్మర్ది. ఆళ్ళ బర్రె ఈనింది. దూడ లేసిందో లేదో చెప్తున్నరు, నడుమల ఎట్ల కోస్త?”

“సారు నీ నౌకరి కోస్తడు.”

“కోస్తె కోయనియ్. రేపు మీ అక్క ఫోన్ చేస్తె గూడ గిట్లనే కోసుడా?”

దూడ లేచింది. అప్పటికే మెయిన్‌ఫ్రేమ్ మమ్మల్ని వదిలేసింది.

ఉన్నదున్నట్టు సారుకు చెప్పి, గేట్ పాసుల గడువును ఒక ఇంటి ఫోను ముగిసేంత పెంచుదామన్నాను. సారు కళ్ళద్దాలు తీసి, “నెపాన్ని బర్రె మీద వేసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను” అన్నారు. ఆయన అనుమానం బావ మీంచి నా మీదికి క్షణంలో దారి మార్చుకుంది. అయినా పెంచనిచ్చారు, మర్నాడు తానే పరీక్ష చేస్తానన్న షరతు మీద. నేను గడువు కాస్త ఉదారంగానే పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం సారు హెడ్డాఫీసు లైను పీకించి, టైమ్ ఆఫీసులో ఫోను పక్కనే కూర్చున్నారు. బావ వైరు అందుకునేలోపే ఫోను మోగింది, సారే ఎత్తారు. అవతల బీహార్ నుంచి ఒక ముసలాయన, ప్యాకింగ్‌లో చేసే కొడుకు కోసం. ఆయన ఏడుపు దూరంగా నిలబడ్డ మాకూ వినిపిస్తోంది. సారు హిందీ అంతంతమాత్రం. “రుకియే, రుకియే” అంటూ రిసీవరు బల్ల మీద పెట్టి, ఎవర్నీ పంపకుండా తానే ప్యాకింగ్ షెడ్డు వైపు పరుగెత్తారు. ఆయన పరుగెత్తగలరని ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు. కొడుకు వచ్చి, మాట్లాడి, కళ్ళు తుడుచుకుంటూ రిసీవరు పెట్టేశాక బావ వైరు కలిపాడు. గడువు ఇంకా మిగిలే ఉంది; గేటు దగ్గర పాసుల కంప్యూటర్ తెరలు ఆగిన చోటు నుంచే కదిలాయి.

సాయంత్రం సారు బావ కాగితం మీద సంతకం పెట్టి, “అయినా మీ ఇద్దరి మీదా ఒక కన్ను వేసి ఉంచుతాను” అన్నారు. రిటైరయ్యే దాకా ఉంచారు కూడా.

ఇప్పుడు లైన్లు తెగినా మనకు తెలియకుండానే దారి మారిపోతున్నాయట. మంచిదే. మొన్ననే ఆ ఫ్యాక్టరీ గేటు దాకా నడిచి వెళ్ళాను. టైమ్ ఆఫీసు లేదు. దాని చోట చిన్న చిన్న అరల ఇనుప బీరువా, పనిలోకి వెళ్ళేవాళ్ళు తమ ఫోన్లు అందులో పెట్టి తాళం వేసి పోవాలి. లోపల ఫోటోలు తీస్తారేమోనని అనుమానమట. నేను నిలబడి ఉండగానే ఒక అరలో ఫోను మోగి ఆగింది, మళ్ళీ మోగింది. సెక్యూరిటీ అతనికి చూపిస్తే, అతడు అరను వదిలేసి నన్ను ఎగాదిగా చూసి, “షిఫ్టు అయినంక సూస్కుంటరు తియ్ సార్, మీకేంది” అన్నాడు. మూడోసారి మోగుతుందేమోనని నేనక్కడే నిలబడ్డాను. అవతలివాళ్ళు ఎంతసేపటికి ఆశ వదులుకుంటారో తెలియదు కదా.