మూలకు ఇవతలే చోప్

ఈ దేశం కాని దేశంలో, ఆంగ్ మో కియో పేటలోని ఒక డ్రాయింగ్ ఆఫీసువాళ్ళు నా చేత మూడు రోజులు పని చేయించి చూస్తామన్నారు. నచ్చితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. పాప పుట్టాక ఆరేళ్ళు మౌసు ముట్టని నాకు ఆ మూడు రోజులు దొరకడమే గొప్ప.

ఇచ్చిన పని బిషాన్‌లో ఒక ఫ్లాటు వంటింటి ప్లాను. గోడలు గీసి, నేల మీద టైల్స్ నింపాలి. రెండో రోజుకి గోడలు పూర్తయ్యాయి. టైల్స్ మాత్రం నిండవు. ఎక్కడో గీతలు కలవలేదని సాఫ్ట్‌వేర్ ఒకటే పాట. నా కళ్ళకి అన్ని మూలలూ శుభ్రంగా కలిసే ఉన్నాయి. నాకసలే ముక్కు మీద కోపం. సాయంత్రం ఆఫీసు నడిపే మేడమ్ దగ్గరికెళ్ళి, మీ సాఫ్ట్‌వేరే పాడైందని చెప్పేసి వచ్చాను.

మూడో రోజు పొద్దున పక్క సీటు అంకుల్‌ని పిలిచాను. ఆయనది హైదరాబాదు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ప్లాన్లు గీస్తున్నారు.

"అంకుల్, గీత చివర పట్టుకోమంటే పట్టుకోవట్లేదండీ ఈ కర్సరు."

ఆయన నా మౌసు తాకలేదు. "మూలని పెద్దగ చేసి చూడు బేటీ" అన్నారు. చేశాను. చేస్తూనే ఉన్నాను. చివరికి వెంట్రుకంత సందు బయటపడింది.

"ఇగ స్నాప్ లిస్టు తెరువు."

కర్సరు దేనికి అతుక్కోవాలో చెప్పే జాబితా అది. ఏదీ తప్పిపోకూడదని మొదటి రోజే అన్నింటికీ టిక్కు పెట్టేశాను. ఆయన పకపకా నవ్వారు.

"అన్నీ పెట్టినవా! గీ నియరెస్ట్ చూడు, గీత మీద యాడ జాగ దొరికితే ఆడ కూసుంటది. నిన్ను మూల దాకా పోనియ్యదు. జర ఇవతలనే టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తది. నువ్వేమో మూలకే కూసున్న అనుకుంటున్నవ్."

హాకర్ సెంటర్లో, అదే తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే హాల్లో, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకోవడాన్ని చోప్ అనే ఊళ్ళో ఉంటూ, ఆ మాట అర్థం కాలేదనడానికి లేదు. నియరెస్ట్ తీసేశాను. పదకొండు మూలలు ఒక్కొక్కటే మళ్ళీ కలిపాను. టైల్స్ నీళ్ళు పారినట్టు నిండిపోయాయి. కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఇక మిగిలింది మేడమ్. సాఫ్ట్‌వేర్ దానంతట అదే బాగైందని చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోతున్నా వెళ్ళి, తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాదే అని చెప్పాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నావైపు చూసింది. "లాస్ట్ పర్సన్ ఆల్సో బ్లేమ్ సాఫ్ట్‌వేర్. నెవర్ కమ్ బ్యాక్ అండ్ టెల్ మీ." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. "మండే ఎయిట్ థర్టీ, కెన్?" అంది, పనికి రాగలవా అని.

"కెన్" అన్నాను.

ఈ ఆరేళ్ళలో ఫలానా టైముకి పనికి రమ్మని నన్నెవరూ అడగలేదు. లిఫ్టులో ఒక్కదాన్నే దిగుతూ, సంతోషం పట్టలేక ఏడ్చేశాను.